బయట 45, ఒంట్లో 104

ఎండను ఒక కొలతలో, జ్వరాన్ని ఇంకో కొలతలో చెప్పుకోవడం మన ఇళ్లలో మామూలే. వడగాడ్పుల రోజుల్లో ఆ అలవాటే అసలు ప్రమాదాన్ని కంటికి కనిపించకుండా చేస్తోంది.

మే నెల. రాత్రి ఏడు గంటల వార్తల్లో పల్నాడులో 45 డిగ్రీలు నమోదైందని చెబుతున్నారు. అదే గదిలో మంచం మీద పడుకున్న పిల్లాడి చంకలోంచి థర్మామీటర్ తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసిన తల్లి 'నూట రెండు ఉంది' అంటుంది. ఇంట్లో ఎవరికీ తికమక లేదు. 45 అంటే మండే ఎండ అనీ, 102 అంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిన జ్వరమనీ అందరికీ తెలుసు. ఆ రెండు అంకెలూ కొలుస్తున్నది ఒకటేనని, ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి చూడొచ్చని మాత్రం ఎవరికీ తట్టదు.

పెట్టి చూస్తే గుండె ఝల్లుమంటుంది. టీవీ చెప్పిన 45 సెల్సియస్‌లో. తల్లి చెప్పిన 102 ఫారెన్‌హీట్‌లో. 45 సెల్సియస్ అంటే ఫారెన్‌హీట్‌లో 113. మన ఇళ్లలో ఉండే పాదరసం థర్మామీటర్ సాధారణంగా 108 దగ్గర ఆగిపోతుంది. అంటే ఆ మధ్యాహ్నం వీధిలో వీచిన గాలి, ఆ థర్మామీటర్ చూపగలిగిన అతి పెద్ద జ్వరం కన్నా 5 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది. పిల్లాడి కాలిపోతున్న ఒంటి కన్నా 11 డిగ్రీలు ఎక్కువ. తిప్పి చెప్పుకున్నా అంతే. పిల్లాడి జ్వరం సెల్సియస్‌లో 38.9. బయట గాలి 45. '102' అని వినగానే కంగారుపడే ఇల్లు '45' అని విని ఫ్యాను స్పీడు పెంచి ఊరుకుంటుంది. ఒకటి చిన్న అంకె, ఇంకొకటి పెద్ద అంకె కావడమే దీనికి కారణం అనలేం. కానీ ఆ నిశ్చింతలో అంకె సైజుకూ కొంత వాటా ఉంది.

ఆ నిశ్చింత ఖరీదు తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పులకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2015 మే నెలలో దేశంలో 2 వేల మందికి పైగా వడదెబ్బకు బలైతే వాళ్లలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవాళ్లే. పోయినవాళ్లలో ఎక్కువమంది ఎండలో పని మానుకోలేని కూలీలు, పశువులు కాచుకునేవాళ్లు, ఒంటరిగా ఉండే వృద్ధులు. టీవీలో వాళ్ల జిల్లా ఉష్ణోగ్రత చెబుతూనే ఉన్నారు. ఆ అంకె తమ ఒంటికి ఏం చేస్తుందో చెప్పేవాళ్లే లేరు.

ఇంతకీ ఏం చేస్తుంది? మనిషి ఒళ్లు ఎప్పుడూ వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. కదలకుండా కూర్చున్నా పాతకాలం 100 వాట్ల బల్బంత. పలుగూ పారా పట్టుకుంటే దానికి మూడు నాలుగు రెట్లు. చర్మం 33 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది కాబట్టి, గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపూ ఆ వేడి దానంతటదే బయటికి పోతుంది. గాలి చర్మం కన్నా వేడెక్కితే ఆ దారి మూసుకుపోతుంది. 45 దగ్గర వ్యవహారం పూర్తిగా తిరగబడుతుంది. వేడి గాలిలోంచి ఒంట్లోకి వస్తుంది. ఇక మిగిలే దారి చెమట ఒక్కటే. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడిని పట్టుకుపోతుంది. ఆవిరి కాకుండా కారి నేల మీద పడిన చెమట దండగే. గాలి 40 డిగ్రీల సెల్సియస్ దాటితే ఫ్యాను ఒంటిని చల్లబరచకపోగా ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. జ్వరం లెక్కలో ఆ హద్దు 104. 104 జ్వరంతో ఉన్న మనిషి నోటితో ఊదితే మనకు చల్లగా ఉంటుందా? రెంటచింతలలోనో రామగుండంలోనో మే మధ్యాహ్నం రేకుల ఇంట్లో తిరిగే ఫ్యాను చేసేది ఆ పనే.

వైద్యుల దృష్టిలో వడదెబ్బ హద్దు కూడా ఇదే కావడం విశేషం. శరీరం లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే 104 ఫారెన్‌హీట్‌కు చేరి, దానితోపాటు మాట తడబడటం, మతి తప్పడం, మూర్ఛ వంటివి కనిపిస్తే అది వడదెబ్బ. బయట ఉష్ణోగ్రత ఏడాదిలో 30 డిగ్రీలు అటూ ఇటూ ఊగినా మనం బతికే ఉంటాం. లోపల మాత్రం 37కీ 40కీ మధ్య ఉన్న ఆ 3 డిగ్రీల సందులోనే ప్రాణం ఉంది.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఎండలోంచి వచ్చి కూలబడిన మనిషి ఒళ్లు పెనంలా కాలుతుంటే ఇంట్లోవాళ్లు దాన్ని జ్వరం అనుకుంటారు. థర్మామీటర్ కూడా 104 అనే చూపిస్తుంది. వెంటనే పారాసిటమాల్ వేసి దుప్పటి కప్పుతారు. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పైకి పెంచి పెడుతుంది, మాత్ర ఆ అమరికను కిందికి దించుతుంది. వడదెబ్బలో మెదడు అమరిక మారదు. వేడిని బయటికి పంపే యంత్రాంగమే చేతులెత్తేస్తుంది. అందుకే మాత్ర పనిచేయదు, పైగా అప్పటికే దెబ్బతిన్న కాలేయానికి అదో భారం. కావాల్సింది నీడ, ఒంటి నిండా చల్లటి నీళ్లు, తడి ఒంటి మీద గాలి, మెడ దగ్గరా చంకల్లోనూ గజ్జల్లోనూ ఐసు, ఆ వెంటనే ఆస్పత్రి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన అంబులెన్స్ నంబరు, జ్వరం థర్మామీటర్ మీది చివరి అంకె రెండూ 108 కావడం కేవలం యాదృచ్ఛికం. గుర్తు పెట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ఆ థర్మామీటర్‌తోనూ ఒక పేచీ ఉంది. గదిలోనే 43 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజున అలమరలోని పాదరసం థర్మామీటర్ ఎవరి చంకలోనూ పెట్టకుండానే చివరి గీతకు చేరుతుంది. ఎంత విదిలించినా పాదరసం కిందికి దిగదు. థర్మామీటర్ పాడైందని పారేసేవాళ్లున్నారు. అది పాడవలేదు, గది ఎంత వేడిగా ఉందో తనకు తెలిసిన భాషలో చెబుతోందంతే. కాసేపు చన్నీళ్లలో ఉంచి అప్పుడు విదిలిస్తే దారికొస్తుంది.

ఇంతకీ ఈ రెండు కొలతలు మన నెత్తిన ఎలా పడ్డాయి? కథ బాల్టిక్ తీరంలో మొదలవుతుంది. 1686లో డాంజిగ్‌లో పుట్టి హాలండ్‌లో స్థిరపడిన డేనియల్ గాబ్రియెల్ ఫారెన్‌హీట్ గాజు గొట్టాల్లో పాదరసం పోసి నమ్మదగిన థర్మామీటర్లు తయారు చేశాడు. 1724లో లండన్ రాయల్ సొసైటీకి పంపిన పత్రంలో తన గీతలు ఎక్కడెక్కడ పెట్టాడో వివరించాడు. మంచు, నీళ్లు, నవాసారం కలిపిన మిశ్రమం దగ్గర సున్నా. మంచూ నీళ్లూ మాత్రమే కలిసిన చోట 32. ఆరోగ్యంగా ఉన్న మనిషి నోట్లోనో చంకలోనో పెడితే 96. 32కీ 96కీ మధ్య 64 భాగాలు. సగం, మళ్లీ సగం చేసుకుంటూ పోతే గీతలు గీయడం తేలిక. ఆ తర్వాత నీరు మరిగే చోటును 212గా ఖాయం చేసి కొలతను సర్దడంతో మనిషి వేడి 96 నుంచి కాస్త పైకి జరిగింది.

స్వీడన్‌లోని ఉప్సాలాలో ఖగోళ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ 1742లో నీళ్లనే నమ్ముకున్నాడు. గడ్డకట్టే చోటుకూ మరిగే చోటుకూ మధ్య 100 భాగాలు చేశాడు. అయితే ఆయన లెక్కలో మరిగే నీళ్లు సున్నా, మంచు 100. ఎండ పెరిగేకొద్దీ అంకె తగ్గుతుందన్నమాట. 1744లో ఆయన పోయాక దాన్ని తలకిందులు చేసి ఇప్పుడున్న రూపానికి తెచ్చారు. మన పత్రికలు ఇప్పటికీ 'సెంటీగ్రేడ్' అని రాస్తుంటాయి కానీ, 1948లోనే అంతర్జాతీయంగా ఆ మాట తీసేసి సెల్సియస్ పేరు పెట్టారు. మొత్తానికి ఒక కొలత మనిషి చంక సాక్షిగా, ఇంకొకటి నీళ్ల గిన్నె సాక్షిగా పుట్టాయి. తెలుగిళ్లలో ఇవాళ్టికీ చంక కింద ఫారెన్‌హీటే రాజ్యమేలుతోంది.

98.6 అనే పవిత్రమైన అంకె వెనకా ఒక మార్పిడి కథ ఉంది. జర్మనీలోని లైప్జిగ్‌లో కార్ల్ వుండర్లిష్ అనే వైద్యుడు సుమారు 25 వేల మంది రోగుల ఉష్ణోగ్రతలు చూసి, ఆరోగ్యవంతుడి వేడి 37 డిగ్రీల సెల్సియస్ అని 1868లో గ్రంథం రాశాడు. 37 అన్నది దగ్గరదగ్గరగా చెప్పిన గుండ్రటి అంకె. దాన్ని ఫారెన్‌హీట్‌లోకి మార్చగానే 98.6 అయింది. దశాంశ బిందువు చేరేసరికి అదేదో బ్రహ్మరాతంత కచ్చితమైనదన్న భ్రమ పుట్టింది. 1992లో అమెరికాలోని మేరీల్యాండ్‌లో 148 మందిని పరీక్షించినప్పుడు సగటు 98.2 అని తేలింది. బ్రిటిష్ సంప్రదాయంలో చదువుకున్న మన పాత తరం డాక్టర్లు 98.4 అనేవారు. '98.8 ఉంది, లోపల జ్వరం ఉన్నట్టుంది' అని బడి ఎగ్గొట్టిన పిల్లలు వుండర్లిష్‌కు రుణపడి ఉండాలి.

రాజనీతి శాస్త్రం చదువుకున్న ఈ ప్రతినిధికి వీటన్నిటికన్నా ఆసక్తి కలిగించేది మన దేశం చేసిన సగం మార్పు. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్‌లో నయా పైసలు వచ్చాయి. మణుగులు, వీశెలు పోయి కిలోలు వచ్చాయి. వాతావరణ శాఖ కేంద్ర ప్రభుత్వానిది. దాని ఉష్ణోగ్రతలు సెల్సియస్‌లోకి మారడానికి ప్రభుత్వం నిర్ణయిస్తే చాలు. రేడియో, పత్రికలు, టీవీ వాతావరణ శాఖ ఇచ్చిందే చెబుతాయి కాబట్టి ఎండ మొత్తం ఆ కొలతలోకి వెళ్లిపోయింది. జ్వరం అలా కాదు. అది తల్లి చేతిలో, వీధి చివర డాక్టరు చీటీలో, మందుల షాపు గాజు బీరువాలో ఉంటుంది. అక్కడికి ఏ ఉత్తర్వూ చేరలేదు. స్థలం గజాల్లో, పొలం ఎకరాలు సెంట్లలో, పెళ్లికొడుకు ఎత్తు అడుగుల్లో చెప్పుకునే సమాజం జ్వరాన్ని 'నూట రెండు' అనడంలో వింతేముంది? తులం అంటే పది గ్రాములని సర్దుకున్నట్టు జ్వరాన్ని సర్దుకోవడం కుదరలేదు. పాకిస్థాన్, బంగ్లాదేశ్‌లలోనూ ఇదే తంతు. ఆ అలవాటు నేర్పి వెళ్లిన బ్రిటన్‌లో మాత్రం ఇప్పుడు డాక్టర్లు జ్వరాన్నీ సెల్సియస్‌లోనే చూస్తున్నారు.

చట్టం మాటకొస్తే ఈ రెండూ కూడా అసలు వారసులు కావు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం ఉష్ణోగ్రతకు మన దేశపు మూల ప్రమాణం కెల్విన్. ఆ లెక్కన పల్నాడు ఎండ 318, మన ఒళ్లు 310. తేడా 8. ఈ అంకెలు వాడమని ఎవరూ అడగరు. కానీ రెంటినీ ఒకే కొలతలో పక్కపక్కన పెట్టి చూపే ప్రభుత్వ పత్రం ఏదైనా ఉందంటే సూత్రప్రాయంగా అదొక్కటే.

బళ్లో నేర్పిన సూత్రం చాలామందికి నోటికొచ్చు. సీ బై 5 ఈక్వల్స్ ఎఫ్ మైనస్ 32 బై 9. రెండు మార్కులు తెచ్చిపెట్టాక దాని పని అయిపోతుంది. కాగితం లేకుండా చేయాలంటే అంతకన్నా సులువైన దారి ఉంది. సెల్సియస్ అంకెను రెట్టింపు చేయండి. అందులో పదో వంతు తీసేయండి. 32 కలపండి. 45 రెట్టింపు 90. పదో వంతు పోతే 81. 32 కలిపితే 113. ఇది ఉజ్జాయింపు కాదు, అచ్చంగా అదే సూత్రం. వెనక్కి రావాలంటే 32 తీసేసి, సగం చేసి, దానికి పదో వంతు కలిపితే దాదాపు సరిపోతుంది. 104లోంచి 32 పోతే 72, సగం 36, పదో వంతు కలిపితే 39.6. అసలు జవాబు 40.

ఆ 'దాదాపు' అనే మాట దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో దిగిన మన పిల్లలు మొదటి వారంలో నేర్చుకునే చిట్కా ఒకటుంది. సెల్సియస్‌ను రెట్టింపు చేసి 30 కలపడం. స్వెట్టర్ వేసుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి అది చాలు. 10 డిగ్రీల దగ్గర కచ్చితంగా 50 వస్తుంది. 20 దగ్గర 68కి బదులు 70. పైకి వెళ్లేకొద్దీ తప్పు పెరుగుతుంది. 39 సెల్సియస్ జ్వరానికి అదే చిట్కా వాడితే 108 వస్తుంది. నిజానికి అది 102.2. ఇంటికి ఫోన్ చేసి 'పాపకు 108' అని చెబితే ఇక్కడ తాతకు గుండె ఆగినంత పనవుతుంది. ఎండకు పనికొచ్చే చిట్కా జ్వరానికి పనికిరాదు.

ఫోన్ సంభాషణల్లో ఈ తిరకాసు రెండు వైపులా ఉంది. 2023 వేసవిలో అరిజోనాలోని ఫీనిక్స్‌లో వరసగా 31 రోజుల పాటు పగటి ఉష్ణోగ్రత 110 ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు. 'ఇక్కడ నూట పది నాన్నా' అంటే విజయవాడలో ఉన్న తండ్రికి అది బతికి బయటపడలేని జ్వరంలా వినిపిస్తుంది. 43.3 అంటే మాత్రం 'ఓస్, మనకున్నదేగా' అంటాడు. ఒకే ఎండ, ఒకే ప్రమాదం. అంకె మారగానే భయం మారిపోతోంది. అమెరికా 1975లో మెట్రిక్ చట్టం చేసి, దాన్ని నడిపించాల్సిన బోర్డును 1982లో ఎత్తేసింది. అందువల్ల అక్కడ ఎండా జ్వరమూ రెండూ ఇప్పటికీ ఫారెన్‌హీట్‌లోనే ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో వాళ్ల వెనకబాటుతనం వాళ్లకు మేలే చేసింది. 113 అని వినగానే అక్కడి తల్లి దాన్ని తన బిడ్డ జ్వరం పక్కన పెట్టి చూసుకోగలదు.

మార్పిడిలో చదువుకున్నవాళ్లు కూడా బోల్తాపడే చోటు ఇంకొకటుంది. అది ఉష్ణోగ్రతను కాక ఉష్ణోగ్రతలో తేడాను మార్చేటప్పుడు. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40కి చేరి, మామూలు కన్నా 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ వడగాడ్పులంటుంది. తీర ప్రాంతంలో హద్దు 37. మామూలుతో సంబంధం లేకుండా 45 తాకితే వడగాడ్పులే, 47 తాకితే తీవ్ర వడగాడ్పులు. ఇందులోని 4.5 డిగ్రీల పెరుగుదల ఫారెన్‌హీట్‌లో 8.1 డిగ్రీలు. సూత్రంలో వేసి 32 కలిపేస్తే 40.1 డిగ్రీల పెరుగుదల అవుతుంది. విజయవాడ మరిగిపోవాలి. రెండు కొలతల సున్నాలు వేరు వేరు చోట్ల ఉన్నాయి కాబట్టి 32 కలుపుతాం. తేడాకు సున్నాతో పనిలేదు. 2015 ప్యారిస్ ఒప్పందంలోని 1.5 డిగ్రీల హద్దు కూడా ఇలాంటి తేడానే. ఫారెన్‌హీట్‌లో అది 2.7. దాన్ని 34.7గా మార్చి అచ్చువేయడానికి తొందరలో ఉన్న సబ్ ఎడిటర్ ఒక్కడు చాలు. ఆ కుర్చీలో కొన్నాళ్లు కూర్చున్న అనుభవంతో చెబుతున్న మాట ఇది.

'బయట 38 ఉంది, ఒంటికి 46లా తగులుతోంది' అని ఫోన్లలో కనిపించే అంకెలు కూడా చాలావరకు ఇలా అటూ ఇటూ దాటి వచ్చినవే. వేడికి గాలిలో తేమ తోడైతే ఎలా ఉంటుందో చెప్పే హీట్ ఇండెక్స్ సూత్రాన్ని అమెరికా వాతావరణ సంస్థ ఫారెన్‌హీట్‌లో కట్టింది. మన వాతావరణ శాఖ 2023లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన హీట్ ఇండెక్స్‌కూ ఆ సూత్రమే ఆధారం. దాని పట్టికలో 96 ఫారెన్‌హీట్ వేడికి 60 శాతం తేమ కలిస్తే ఒంటికి 116లా ఉంటుంది. సెల్సియస్‌లో చెబితే 35.6 కాస్తా 46.7 అయింది. మచిలీపట్నం, కాకినాడవాళ్లు రోహిణి కార్తెలో 'ఎండ తక్కువే గానీ ఉక్క చంపుతోంది' అనేది దీన్నే. టీవీలో వాళ్ల ఊరి అంకె రామగుండం కన్నా ఎప్పుడూ చిన్నదే. చెమట ఆరని చోట ఆ చిన్న అంకెను నమ్ముకోకూడదు.

పెద్ద అంకెలను కూడా ఊరికే నమ్మడానికి లేదు. 2024 మే 29న ఢిల్లీ శివార్లలోని ముంగేశ్‌పూర్ ఆటోమేటిక్ కేంద్రం 52.9 డిగ్రీలు చూపింది. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో నమోదైన 51 డిగ్రీల జాతీయ రికార్డు బద్దలైందని దేశమంతా మోగిపోయింది. వాతావరణ శాఖ పరీక్షిస్తే ఆ సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపుతోందని తేలింది. ఫారెన్‌హీట్‌లో 5.4 డిగ్రీల తప్పు. ఇంట్లో థర్మామీటర్ అంత తప్పు చూపితే ఆరోగ్యంగా ఉన్న మనిషిని కూడా 104 జ్వరమని ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తుంది. దక్షిణాసియాలో ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఒప్పుకున్న అతి పెద్ద అంకె బలూచిస్థాన్‌లోని తుర్బత్‌ది. 2017 మే 28న అక్కడ 53.7. జ్వరం లెక్కలో 128.7.

అంకె ఎంత అన్నదాని కన్నా అది ఏ హద్దు దాటితే ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోవడం ముఖ్యమని అహ్మదాబాద్ చూపించింది. 2010 మే నెలలో అక్కడ ఎండ 46.8కి చేరినప్పుడు మామూలు మే కన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారని తర్వాత లెక్క తేల్చారు. 2013లో ఆ నగరం వడగాడ్పుల ప్రణాళిక వేసుకుంది. 45 తాకుతుందని ముందుగా తెలిస్తే రెడ్ అలర్ట్. ఆస్పత్రుల్లో ఐసు సిద్ధంగా ఉంచడం, బయటి పని వేళలు మార్చడం వగైరా అన్నీ దానికి ముడిపడి ఉంటాయి. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు కూడా ఇలాంటి ప్రణాళికలు తయారుచేసుకున్నాయి. చలివేంద్రాలు, ఓఆర్ఎస్ పొట్లాలు, పని వేళల మార్పు వాటిలోనూ ఉన్నాయి. రోజూ ప్రకటించే ఉష్ణోగ్రత పక్కన 'జ్వరం లెక్కలో ఇంత' అని ఒక్క ముక్క చేరిస్తే ఖర్చేమీ లేదు. 40 పక్కన 104. 43 పక్కన 109. 45 పక్కన 113. శాస్త్రవేత్తలకు ఇది మొరటుగా అనిపించవచ్చు. గాలి వేడి, ఒంటి వేడి ఒకటి కావన్న మాటా నిజమే. 45 డిగ్రీల గాలిలో నిలబడినంత మాత్రాన ఒళ్లు 45కి చేరదు, చెమట దాన్ని అడ్డుకుంటుంది. కానీ ఆ చెమట మీద ఎంత భారం పడుతోందో కూలికి వెళ్లే మనిషికి ఒక్క అంకెలో చెప్పాలంటే అతనికి తెలిసిన కొలత జ్వరమే.

మొన్న వేసవిలో మా అమ్మకు కొత్త డిజిటల్ థర్మామీటర్ కొనిచ్చాను. పాదరసం ఉన్నది చెయ్యి జారి పగిలింది. రెండో రోజే ఫోన్ చేసింది. ఏదో బటన్ ఎక్కువసేపు నొక్కినట్టుంది, అంకె మారిపోయింది.

"ఏరా, 36.8 అని చూపిస్తోంది. ఇది నా జ్వరమా, బయట ఎండా?"

జ్వరం లేదమ్మా అన్నాను. బయట ఎంతని టీవీలో చెప్పారో అడిగాను. 44 అంది. ఈసారికి బటన్ మార్చొద్దని, రెండూ పక్కపక్కన పెట్టి చూడమని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మధ్యాహ్నం పాలవాడి దగ్గరికి వెళ్లాలనుకున్నది సాయంత్రం వెళ్తానని ఫోన్ పెట్టేసింది.